సగం రిపీటు

మా కాలేజీ ఆఫీసు గదిలో, గుమాస్తా మారప్ప కుర్చీ వెనక, ఒక పచ్చరంగు ఇనుప బీరువా ఉంది. అందులో నలభై ఒక్కమంది లెక్చరర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉన్నాయి. పదో తరగతి మార్కుల జాబితా నుంచి పీజీ పట్టా దాకా ఎవరివి వాళ్ళవి ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, పైన స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి ఉంటాయి. ఉద్యోగంలో చేరిన రోజే ఇచ్చేయాలి. ఎందుకివ్వాలంటే రూలు అంటారు. ఆ రూలు ఎక్కడ రాసుందో చూపించమని నేను చేరిన కొత్తలో అడిగాను. అడిగిన పాపానికి ఆ ఏడాదంతా నాకు మధ్యాహ్నం భోజనం తర్వాతి క్లాసులే ఇచ్చారు, పిల్లలందరూ నిద్రపోయే వేళ. ఇరవై ఆరేళ్ళయింది. మళ్ళీ అడగలేదు. ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పేవాడి పౌరుషం ఆ మాత్రమే ఉంటుంది.

నా సంగతి వదిలేయండి. ఉమారాణి సంగతి చెప్పాలని కూర్చున్నాను.

ఉమారాణి మా దగ్గర ఫిజిక్స్ చెబుతుంది. కాలేజీ హిందూపురంలో, కాపురం పెనుకొండలో, పుట్టిల్లు ధర్మవరంలో. భర్త నరేష్ పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. నేనూ పెనుకొండ నుంచే వస్తాను కాబట్టి పన్నెండేళ్ళుగా ఒకే రైల్లో పోతున్నాం, ఒకే రైల్లో తిరిగొస్తున్నాం. ఆ ముప్పావు గంటా లోకాన్ని తిట్టడం నా వంతు. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని వినడం ఆమె వంతు. వినేదో లేదో నాకు అనుమానమే. ఆమె చూపు ఎప్పుడూ తెర మీద ఉండే చుక్కల మీదే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఏమ్మా అవి? చీమలు బారు కట్టినట్టుండాయి."

"నక్షత్రాలు సార్. జంటలు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాంటాయి. మన వైపు నుంచి చూస్తే ఒకటి ఇంకోదానికి అడ్డం వస్తాది, గ్రహణం పట్టినట్టు. అడ్డం వచ్చినప్పుడల్లా వెలుతురు తగ్గుతాది. ఆ తగ్గిందే ఈ గుంత."

"నువ్వు చూసినావా వాటిని?"

"యాడ సార్. పైన తిరిగే టెలిస్కోపు ఒకటి కొలిచి పెడతాది. ఎవరైనా తీసుకోవచ్చు. నేను ఈ గీతలు చూడడమే గానీ ఒక్కదాన్నీ కంటితో చూసింది లేదు."

ఆకాశం వైపు తలెత్తే తీరిక లేని మనిషి, పగటి రైల్లో టికెట్ కలెక్టరుకు పాసు చూపిస్తూ, నాలుగు వందల పద్దెనిమిది నక్షత్ర జంటల జాతకాలు రాస్తోందని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ జంటలు తమ జీవితంలో ఏ దశలో ఉన్నాయో వేరు చేయడమే ఆమె థీసిస్. నాకు అర్థం కావడానికి రైలు సీటు చూపించింది. ఇద్దరు సీటుకు చెరో కొసన, మధ్యలో ఖాళీ వదిలి కూర్చుంటే అది మొదటి రకం. రెండూ ఇంకా వయసులో ఉన్నవే, దేని హద్దులో అది ఉంటుంది. రెండో రకంలో, బరువైన నక్షత్రం ముందుగా ముసలిదవుతుంది. ఉబ్బుతుంది. తన హద్దు నిండిపోయాక ఒంట్లోని సరుకును పక్కదాని మీదికి ఒలకబోస్తుంది. పోసి పోసి ఇది చిన్నదైపోతుంది, తీసుకున్నది పెద్దదవుతుంది. మూడో రకంలో రెండూ హద్దులు దాటి, ఒకే దుప్పటి కప్పుకున్నట్టు కలిసిపోయి తిరుగుతుంటాయి. గుంతల ఆకారం చూసి ఏది ఏ రకమో పట్టుకోవాలి. ఒక చుట్టులో రెండు గుంతలూ సమానంగా ఉంటే ఆ ఇద్దరూ ఇంచుమించు సమానం. ఒకటే లోతైన గుంత ఉండి, రెండోది కనపడీ కనపడనట్టుంటే, అందులో ఒకటి ఇచ్చుకుని వాడిపోయిందని అనుమానం.

"ఇచ్చి ఇచ్చి చిన్నదైపాయనా? అయితే అది మన కాలేజీలో లెక్చరరే," అన్నాను.

ఆమె నవ్వింది. ఆమె నవ్విన సందర్భాలు నాకు గుర్తుంటాయి, అన్ని తక్కువ.

థీసిస్ మొదలుపెట్టి పదకొండేళ్ళు. నవ్వకండి. వారానికి ఇరవై నాలుగు క్లాసులు చెప్పి, ప్రాక్టికల్స్ చేయించి, తనిఖీ వాళ్ళు వస్తున్నారంటే లేని ఫైళ్ళు పుట్టించి, మే నెల ఎండలో మడకశిర వైపు, కదిరి వైపు, తనకల్లు దాకా పల్లెపల్లెకూ పోయి ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ళ ముందు అడ్మిషన్ కరపత్రాలు పట్టుకుని నిలబడి, మిగిలిన టైములో మీరు పరిశోధన చేసి చూపించండి. ఆమె చేసింది. మొదటి అయిదేళ్ళు పాత కొలతలతో ఎటూ తేలక పోయాయి. తర్వాత ఈ కొత్త టెలిస్కోపు కొలతలు దొరికాయి.

వదిలేసి ఇంకో చోటికి పోవచ్చు కదా అంటారేమో. ఏ ఇంటర్వ్యూకి పోయినా ఒరిజినల్స్ చూపించమంటారు. అవి బీరువాలో ఉన్నాయి. రాజీనామా చేస్తే ఇస్తారా అంటే, విద్యాసంవత్సరం మధ్యలో రాజీనామా తీసుకోరు. చివర్లో చేద్దామంటే వచ్చే ఏడాదికి ముందే సంతకం పెట్టించుకుంటారు. మూడుసార్లు అడిగింది. మూడోసారి కరస్పాండెంట్ గారు టీ తెప్పించి మరీ చెప్పారు. "పీహెచ్‌డీ తెచ్చుకోండి మేడమ్. రెగ్యులర్ చేస్తాం. మీ సర్టిఫికెట్లు మీ చేతికిచ్చేస్తాం." ఆ మాట పట్టుకుని ఆమె బతికింది. బయటికి పోవడానికి ఉన్న తలుపు అదొక్కటే. దానికీ గడువుంది. యూనివర్సిటీ రెండుసార్లు పొడిగించి, మూడోసారి కాగితం మీద రాసిచ్చింది. పోయినేడాది జూన్ ముప్పై లోపల థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. పదకొండేళ్ళూ గంగలో కలిసినట్టే.

జూన్ మొదటికల్లా థీసిస్ పూర్తయింది. అందులో ఒక కొత్త సంగతి కూడా ఉంది. ఆ నాలుగు వందల పద్దెనిమిదిలో, ఇచ్చి వాడిపోయిన రకం తొంభై ఆరు తేలాయి. అన్ని ఉంటాయని ఎవరూ అనుకోలేదు. గైడు గారు పొంగిపోయి, ఇద్దరి పేర్లతో ఒక పేపరు ముందే అచ్చు వేయించారు. ఆ రోజు ఆమె రైల్లో నాకు వేరుశనగ ఉండ తెచ్చిపెట్టింది.

ఇక్కడ ఆమె నాయన గురించి చెప్పాలి. కుళ్ళాయప్ప ధర్మవరంలో చీరల డిజైన్లు గీసేవాడు. ఆయన గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపి అంచో కొంగో గీస్తే, ఆ గళ్ళ ప్రకారం అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైన జకార్డులో గుండ్రంగా తిరుగుతుంటే కింద చీరలో బొమ్మ పడుతుంది. బొమ్మ మొదలై మళ్ళీ మొదటికి వచ్చేదాకా ఒక రిపీటు. కంప్యూటర్ డిజైన్లు వచ్చాక ఆయన పని తగ్గింది. చెయ్యి వణకడం మొదలయ్యాక పూర్తిగా పోయింది. అయినా ఆయనకు చూపించకుండా అట్టలు కొట్టించేవాళ్ళు ఆ వీధిలో ఇప్పటికీ తక్కువ. ఎవరేది తెచ్చినా ఒక్క రిపీటు చూసి ఆయన నోరు విప్పడు. ట్రేసింగ్ కాగితం మీద రెండు రిపీట్లు పక్కపక్కన గీసుకుని, తలకిందులు చేసి, గోడకు ఆనించి, దూరంగా నిలబడి చూస్తాడు. అప్పుడు మాట్లాడతాడు.

తర్వాత జరిగింది ఉమారాణి నాకు రైల్లో చెప్పింది, కుళ్ళాయప్ప ఇంకోసారి చెప్పాడు. ఇద్దరి మాటలూ కలిపి చెబుతున్నాను.

జూన్ రెండో ఆదివారం ఆమె థీసిస్ పేజీలన్నీ ధర్మవరంలో ప్రింటు తీయించి, నంబర్లు సరిచూసుకోవడానికి నాయన ఇంట్లో నేల మీద పరిచింది. ఒక్కో నక్షత్ర జంటకు ఒక్కో కాగితం. కాగితంలో పైభాగాన ఇరవై ఏడు రోజుల కొలత, వరుసగా గుంతలు. కిందిభాగాన ఆ గుంతలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి కంప్యూటర్ గీసిన ఒకే ఒక చుట్టు. కుళ్ళాయప్ప కాగితాలు తొక్కకుండా అడుగులేసుకుంటూ పోయి, నూటముప్పై ఒకటో నంబరు ముందు కూర్చున్నాడు.

"పాపా, ఈ కింద గీసింది ఒక రిపీటా?"

"ఊ నాయనా. ఒక చుట్టు."

"ఇది సగం రిపీటే."

"కంప్యూటర్ తీసింది నాయనా అది."

"కంప్యూటర్ తీస్తే ఏం? పైన చూడు. ఈ గుంత లోతుండాది. దీని పక్కది ఒక పోగంత తక్కువ. మళ్ళా లోతు. మళ్ళా తక్కువ. ఒకటిడిచి ఒకటి వస్తాండాది."

"అది కొలతలో ఉండే చెత్త నాయనా. ఉంటాది కొంచెం."

"చెత్తయితే ఒకపారి ఎక్కువుంటాది, ఒకపారి తక్కువుంటాది. చెత్త ఇట్ల లెక్కగా రాదు గదా." ఆయన కాగితాన్ని కిటికీ వైపు తిప్పాడు. "చిలకల అంచు గుర్తుండాదా నీకు? ఒక చిలక ముక్కు తెరిచుంటాది, పక్కది మూసుకోనుంటాది. అట్టలు కొట్టేటోడు రెండూ ఒకటేననుకోని సగం అట్టలే కొట్టినాడు. పదారు చీరలు నేసినాంక గానీ ఎవురూ చూడలా. చీర పొడుగునా నోరు తెరిచిన చిలకలే."

ఆమె నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ల్యాప్‌టాప్ తెరిచి, నూటముప్పై ఒకటికి చుట్టు పట్టే కాలాన్ని రెండింతలు చేసి మళ్ళీ గీసింది. ఒక గుంత ఉన్నచోట రెండు వచ్చాయి. ఇంచుమించు సమానంగా, ఒక పోగు తేడాతో. కంప్యూటర్ ఆ రెండు గుంతలూ ఒకటేననుకుని ఒకదాని మీద ఒకటి పేర్చేసింది. రెండు సమాన గుంతలంటే ఇద్దరూ సమానమని కదా. సీటుకు చెరో కొసన కూర్చున్న మొదటి రకం. ఇంకా ఒలకబోయడం మొదలే కాని వయసు. వాటిని పట్టుకుని ఈమె ఇచ్చి ఇచ్చి వాడిపోయిన ముసలివని రాసింది.

సాయంత్రానికి కుళ్ళాయప్ప ఆ తొంభై ఆరులో యాభై ఏడు కాగితాలు ఏరి పక్కన పెట్టాడు. ఆమె తర్వాతి మూడు రోజుల్లో ఒక్కొక్కటే కంప్యూటర్లో సరిచూసింది. యాభై ఏడూ సగం రిపీట్లే. అవి పోతే మిగిలేది ముప్పై తొమ్మిది. ఆ మాత్రం ఉంటాయని లోకానికి ముందే తెలుసు. థీసిస్‌లో కొత్త సంగతి లేదు. అచ్చయిన పేపరు తప్పు.

గురువారం ఆమె గైడు గారి దగ్గరికి పోయింది. ఆయన చెడ్డవాడు కాడు. ఓపిగ్గా అన్నీ చూశాడట, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడట.

"మీ నాయన చూసినాడా ఇది? పెద్దాయన కన్నే కన్ను," అన్నాడు. తర్వాత, "సరిచేసి మళ్ళా రాయాలంటే ఎన్నాళ్ళమ్మా?" అని అడిగాడు.

"మూడు నెలలు పడతాది సార్."

"ఉండేది రెండు వారాలు. సరిచేస్తే అచ్చయిన పేపరు వెనక్కి తీసుకోవాల. నేను డిసెంబర్లో రిటైరవుతాండా. గడువు దాటితే నీకు మళ్ళా రిజిస్ట్రేషన్ లేదు, ఇంకో గైడూ దొరకడు. ఇట్లనే ఇచ్చెయ్యి. పట్టా వచ్చినాంక తీరిగ్గా నువ్వే సరిచేసి ఇంకో పేపరు రాసుకుందువు."

మన మంచి కోరి, మెత్తగా, తప్పు చేయమని చెప్పేవాళ్ళను ఎదిరించడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎందుకంటే మర్నాడు నేనూ అదే పని చేశాను.

హిందూపురం స్టేషన్‌లో సాయంత్రం రైలు లేటు. సిమెంటు బెంచీ మీద కూర్చుని ఆమె మొత్తం చెప్పింది. చెప్పి, "సార్, మీరైతే ఏం చేస్తారు?" అంది. పన్నెండేళ్ళలో ఆమె నన్ను ఒక్క సలహా అడగలేదు. నాకు గొప్పగా అనిపించింది, ఒప్పుకుంటున్నాను. బీరువా గుర్తొచ్చింది. నేను చేరిన కొత్తలో అడిగి వెనక్కి తగ్గిన సంగతి గుర్తొచ్చింది. నేను ఎటూ పోలేకపోయాను, ఈమైనా పోవాలనిపించింది.

"ఇచ్చెయ్యమ్మా," అన్నాను. "ఆ నక్షత్రాలేమన్నా రైలెక్కి వచ్చి నిన్నడుగుతాయా? ముందు ఆ బీరువాలోంచి బయటపడు. మిగతావన్నీ తర్వాత."

"నాయనకేం చెప్పాల సార్?"

"ఏం చెప్పొద్దు. ఆయనకు ఇంగ్లీషు రాదు గదా."

ఈ మాట అన్నది నేనే. తెలుగు మాస్టర్ని.

అటు ధర్మవరంలో కుళ్ళాయప్ప ఖాళీగా కూర్చోలేదు. వణికే కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, ఆ యాభై ఏడింటినీ ట్రేసింగ్ కాగితాల మీద గీశాడు. ఒక్కోదానికి పూర్తి రిపీట్లు రెండేసి. పైన నంబరు, కింద తేదీ. పది రోజులు పట్టిందట. వాటిని అట్టల్లాగే దారంతో కలిపి కట్టి, ఆదివారం కూతురి చేతిలో పెట్టాడు.

"ఇవి ముందర పెట్టుకోని సరిచేసుకో పాపా. టైము సాల్తాది గదా?"

"సాల్తాది నాయనా," అంది ఆమె.

జూన్ ఇరవై ఎనిమిదిన థీసిస్ ఇచ్చింది. ఉన్నది ఉన్నట్టే, తొంభై ఆరుతోనే. తోడుగా నేను పోయాను. 'ఇందులోని ఫలితాలు నాకు తెలిసినంతలో సరైనవి' అన్న కాగితం మీద సంతకం పెట్టాలి. ఆమె పెన్ను రాయలేదు. నా పెన్ను ఇచ్చాను.

నవంబర్లో వైవా. తెలియనివాళ్ళకు చెబుతాను. మా వైపు వైవా అంటే పెళ్ళిచూపుల్లాంటి హడావిడి ఉంటుంది. అందరూ రావచ్చు. ముందు వరసలో ప్రొఫెసర్లు, వెనక వరసల్లో చుట్టాలు, మూలన మిఠాయి డబ్బాలు, శాలువాలు. పరీక్ష పెట్టేవాళ్ళు బయటి నుంచి వస్తారు. రెండు ప్రశ్నలు అడుగుతారు, చప్పట్లు కొడతారు, ఫొటో తీసుకుంటారు. ఫలితం ముందే తెలిసిన పరీక్ష అది. నరేష్ షిఫ్టు మార్చుకుని వచ్చాడు. కుళ్ళాయప్ప తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, రెండు కిలోల మైసూర్‌పాక్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ఆయన్ని రావద్దనడానికి ఆమె ఎన్ని సాకులు చెప్పిందో నాకు తెలుసు. "నా బిడ్డ డాక్టరవుతాంటే నేను ఇంట్లో కూసుంటానా?" అన్నాడట.

ఉమారాణి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. తెర మీద బొమ్మలు మారుతున్నాయి. కుళ్ళాయప్పకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు, అయినా ప్రతి మాటకూ తలాడిస్తున్నాడు. నాకు ఊపిరాడుతోంది. ఆయనకు ఇంగ్లీషు రాదు గదా.

అప్పుడు తెర మీద, గోడంత పెద్దగా, నూటముప్పై ఒకటి వచ్చింది. పైన వరుసగా గుంతలు. కింద ఒకే చుట్టు, ఒకే గుంత.

దానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఆయన తలాడించడం ఆగింది. ముందుకు వంగాడు. చూపుడువేలు మెల్లగా లేపి గాలిలో లెక్కపెట్టాడు. లోతు, తక్కువ, లోతు, తక్కువ. తర్వాత కింది బొమ్మ చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను మైసూర్‌పాక్ డబ్బా వైపు చూశాను. అంత పిరికితనం నాలో ఉందని నాకు ముందే తెలుసు గానీ, ఇంకో మనిషి కళ్ళ ముందు బయటపడడం అదే మొదటిసారి.

బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒక ప్రశ్న అడిగాడు. ఈ చుట్టు కాలాలన్నీ విడిగా సరిచూశావా అని. ఉమారాణి నీళ్ళు తాగింది. వెనక వరస వైపు ఒక్కసారి చూసింది. నాయన ముఖం చూసింది. ఆయనకు తెలిసిపోయిందని ఆమెకూ తెలిసిపోయింది.

"సరిచూశాను సార్," అంది.

అది అబద్ధం కూడా కాదు. చప్పట్లు కొట్టారు. నరేష్ ఫొటోలు తీశాడు. శాలువా కప్పినప్పుడు కుళ్ళాయప్ప కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, వణికే చేతులతో, అందరికంటే ఆలస్యంగా.

తిరుగు రైల్లో నలుగురం ఒకే దగ్గర కూర్చున్నాం. నరేష్ ఒక్కడే సంతోషంగా ఉన్నాడు. ఫ్యాక్టరీ స్నేహితులకు ఫోన్లు చేస్తూ తలుపు దగ్గరికి పోయాడు. కుళ్ళాయప్ప కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ధర్మవరం స్టేషన్ దగ్గరపడి రైలు మెల్లగా అయినప్పుడు లేచి, డబ్బా చంకలో పెట్టుకున్నాడు.

"నాయనా, ఆ డబ్బా..." అంది ఉమారాణి.

"వీధిలో పంచాల గదా పాపా. అందురికీ చెప్పొచ్చినా." కమ్మీ పట్టుకున్నాడు. "కట్టుకునేటోళ్ళకు కనపడదులే. నేసినోళ్ళకే కనపడేది," అన్నాడు. కోపంగా అనలేదు. నెల తక్కువైన బిడ్డను చూసి చెప్పినట్టు మెత్తగా అన్నాడు. దిగి, మెట్ల వైపు నడిచిపోయాడు.

ఆమె పెనుకొండ దాకా ఏడ్చింది. నరేష్ వచ్చి సంతోషంతో ఏడుస్తోందనుకున్నాడు. అనుకోనిచ్చాం.

జనవరిలో పట్టా వచ్చింది. కాలేజీ గేటుకు ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు, అడ్మిషన్లకు పనికొస్తుందని. రెగ్యులర్ చేస్తూ ఆర్డరు ఇచ్చారు. ఆర్డరు రెండో పేజీలో, రెగ్యులర్ అయినవాళ్ళు మూడేళ్ళు కాలేజీ వదలరాదని, అంతవరకూ ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ కాలేజీ దగ్గరే ఉంటాయని రాసుంది. అన్నీ అంటే కొత్త పట్టాతో సహా. కరస్పాండెంట్ గారి దగ్గరికి పోతే మళ్ళీ టీ తెప్పించారు. మూడేళ్ళెంతలో పోతాయి మేడమ్ అన్నారు.

ఆ సాయంత్రం మారప్ప బీరువా తెరిచి ఆమె కవరు తీశాడు. నేను రైలు టైమవుతోందని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఉమారాణి సంచిలోంచి పట్టా తీసి ఇచ్చింది. తర్వాత ఇంకో కట్ట తీసింది. దారంతో కట్టిన ట్రేసింగ్ కాగితాలు. యాభై ఏడు.

మారప్ప పైకాగితం తిప్పి చూశాడు. "ఇదేంది మేడమ్? ముగ్గులా?"

"మా నాయన గీసినవి. ఇవి కూడా లోపల పెట్టండి."

"ఈటిని మేమేం చేసుకుంటాం మేడమ్? ఇంట్లో పెట్టుకోండి."

"ఇంట్లో పెట్టుకోలేను మారప్పా. నాయన వచ్చిపోతుంటాడు. పోయిన ఆదివారం వచ్చినాడు. నా పుస్తకాల మధ్యలో ఈ కట్ట చూసినాడు. దారం ముడి కూడా విప్పలేదని చూసినాడు. దాని మీద ఉండే దుమ్ము తుడిచిపెట్టి పోయినాడు."

మారప్పకు ఏమీ అర్థం కాలేదు. అయినా కాదనలేదు. కట్టను ఆమె కవరు కింద పెట్టి, తలుపు వేసి, రెండుసార్లు తాళం తిప్పాడు.

మేం స్టేషన్‌కు నడిచాం. రైలు వేళకే వచ్చింది. ఆమె కిటికీ దగ్గర కూర్చుంది, ల్యాప్‌టాప్ తీయలేదు. నేను లోకాన్ని తిట్టబోయి ఊరుకున్నాను. ఆ సిమెంటు బెంచీ మీద నేను చెప్పిన మాటను ఆమె ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి నన్ను నాలుగు తిడితే బాగుండు.